‘వృత్తి’ చికిత్స – మేధోవైకల్యం: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

‘ఆక్యుపేషనల్ థెరపీ’ని తెలుగులో ‘వృత్తి చికిత్స’ అంటున్నారు. ఈ మాట వినగానే ఉద్యోగ శిక్షణ స్ఫురిస్తుంది. సంస్కృతంలో ‘వృత్తి’ శబ్దానికి ప్రవర్తన, ఉనికి, జీవనోపాధి అనే అర్థాలున్నాయి. కులవృత్తి, చేతివృత్తి వంటి ప్రయోగాల వల్ల తెలుగు వాడుకలో ఉపాధి అనే అర్థమే బలపడింది. ఈ చికిత్స మాత్రం మొదటి అర్థాలకే దగ్గరగా ఉంటుంది. స్నానం చేయడం, అన్నం కలుపుకొని తినడం, ఆడుకోవడం, బస్సెక్కడం వంటి నిత్యకృత్యాలన్నీ దాని పరిధిలోనివే. ఈ అర్థభేదం మేధోవైకల్యం గలవారి జీవితాలపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిర్బంధం నుండి శిక్షణకు

బ్రిటిష్ ఇండియాలో 1912 నాటి లూనసీ చట్టం బుద్ధిమాంద్యం గలవారిని ఉన్మాదుల నిర్వచనంలోనే చేర్చింది. నేర్పడం కన్నా నిర్బంధించడమే ఆ చట్ట దృష్టి. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం మానసిక రోగి నిర్వచనం నుండి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. 1995 చట్టం దాన్ని ప్రత్యేక వైకల్యంగా గుర్తించింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంటూ ‘మేధోవైకల్యం’ అనే భావనను స్వీకరించింది.

భారతదేశంలో ఆక్యుపేషనల్ థెరపీ విద్యకు 1950లో బొంబాయిలో కమలా నింబ్‌కర్ పునాది వేశారు. 1984లో సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇది చట్టపరమైన మినహాయింపు కన్నా మూడేళ్లు ముందు జరిగిన పరిణామం. సంస్థ ఉన్న ప్రాంతానికి మనోవికాస్‌నగర్ అని పేరు. తరువాతి కాలంలో సంస్థ పేరులో ‘వికలాంగులు’ స్థానంలో ‘మేధోవైకల్యం గల వ్యక్తుల సాధికారత’ వచ్చి చేరింది.

చికిత్సా విధానం

మేధోవైకల్యం రోగం కాదు. థెరపీ దాన్ని నయం చేయదు. ఒక పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి నేర్పుతుంది. ఉదాహరణకు చొక్కా తొడుక్కోవడం నేర్పేటప్పుడు పైగుండీలన్నీ థెరపిస్టే పెట్టి, చివరి గుండీ ఒక్కటి పిల్లవాడికి వదిలిపెట్టవచ్చు. అది వచ్చాక చివరి రెండూ వదులుతారు. ప్రతిసారీ పని పూర్తిచేసిన తృప్తి పిల్లవాడిదే అవుతుంది. అంతకీ గుండీ పట్టు చిక్కకపోతే గుండీలు లేని చొక్కా ఎంచుకోవచ్చు. అంటే మనిషితో పాటు పని, పరిసరం కూడా మారాలి.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

బోయిన్‌పల్లి నుండి ఉత్తరంగా కొంపల్లి మీదుగా వెళ్లే రహదారి మేడ్చల్ చేరుతుంది. శామీర్‌పేట కరీంనగర్ రహదారిపై ఉంది. 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ రెండు ప్రాంతాల్లో సేద్యపు భూములు క్రమంగా లేఅవుట్లుగా, పరిశ్రమలుగా మారాయి. సేద్యపు ఇంట్లో పశువులకు నీళ్లు పెట్టడం, ఆకుకూర కట్టలు కట్టడం, వాకిలి ఊడ్వడం వంటి పనులు రోజూ అదే చోట, అదే వరుసలో జరుగుతాయి. మేధోవైకల్యం గలవారికి ఆ పునరావృత్తే సహజ శిక్షణ కాగలదు. అయితే ఆ జీవితాన్ని ఆదర్శీకరించడమూ తగదు. పని ఉన్నచోట వేతనం లేని చాకిరీకి, హేళనకూ అవకాశముంది. పొలం పోయినప్పుడు ఆ పనులూ పోతాయి. వాటి స్థానాన్ని కేంద్రంలో గడిపే కొద్ది గంటలు మాత్రమే భర్తీ చేయలేవు. అక్కడ నేర్చినది ఇంటి వంటగదిలో, వీధి దుకాణంలో, బస్సులో సాధన కావాలి.

ముగింపు

‘వృత్తి’ని ఉద్యోగంగానే అర్థం చేసుకున్న కుటుంబం, బిడ్డ పెద్దయ్యాకే ఈ సేవ అవసరమని భావించే ప్రమాదముంది. తినడం, కట్టుకోవడం నేర్వవలసిన బాల్యం అప్పటికే గడచిపోతుంది. తమ తదనంతరం బిడ్డ గతి ఏమిటన్న తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానం ఉపాధితో మొదలుకాదు; స్వయంగా అన్నం తినే ముద్దతో మొదలవుతుంది. చట్టం పదాలను మార్చుకుంది, సంస్థ పేరు మార్చుకుంది. ‘వృత్తి’ శబ్దానికి దాని విశాలార్థాన్ని తిరిగి అందించడం తెలుగు పరిభాషా నిర్మాతల బాధ్యత.