పండగ పేజీలు, మనియార్డర్లు

సింగపూరులో దీపావళికి సెలవుంది, ఉగాదికి లేదు. దీపావళి ముందు సెరంగూన్ రోడ్డంతా రంగు దీపాల తోరణాలు కడతారు గానీ, టపాకాయలు కాల్చడాన్ని 1972లోనే చట్టం చేసి ఆపేశారు. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ దూరం కూడా లేని ఊరు. ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఏడింటికే అస్తమిస్తాడు. శిశిరం తెలియదు, వసంతం తెలియదు. అలాంటి చోట కూర్చుని, 1990లలో, మన పత్రికల పండగ సంచికలకు రాసి నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకున్నాను.

ఈ పండగ సంచికల పుట్టుక వెతుక్కుంటూ వెళితే మొదట కనిపించేది మనలాంటి ప్రవాసే. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బయల్దేరిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించింది కూడా బొంబాయిలోనే. 1914లో అది మద్రాసుకు మారి దినపత్రిక అయింది. ఆ పత్రిక సంవత్సరాది సంచికలు 1910ల నాటివే చూడండి, చరిత్ర, సాహిత్యం, చిత్రాలు కలిసి ఒక్కోటి దాచుకోదగ్గ పుస్తకం. తలనొప్పి మందు అమ్మిన లాభం పత్రికకు ఆసరా అయింది. (పత్రికలకు రాసేవాళ్ళకు ఆ మందు అవసరమూ ఎక్కువే, అది వేరే సంగతి.)

పండగ సంచిక లెక్క తేలికైనది. పండగకు బట్టల కొట్లు, మందుల కంపెనీలు, అగరొత్తుల వాళ్ళు ప్రకటనలిస్తారు. ప్రకటనలు పెరిగితే పేజీలు పెరుగుతాయి, పేజీలు నింపాలి కాబట్టి రచయితలు గుర్తొస్తారు. చక్రపాణి గారి ‘యువ’ దీపావళి సంచికను వడ్డాది పాపయ్య బొమ్మల కోసమే కొన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. అయినా పండగలను నమ్ముకుని ఏడాదంతా పొయ్యి వెలిగించలేం. అంత విస్తారంగా రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో ఉద్యోగం చేశారు.

ఇక నా సంగతి. దీపావళి వ్యాసం ఆగస్టులో పోస్టు చెయ్యాలి, ఉగాది వ్యాసం జనవరిలో. వేపపువ్వు కంటపడకుండానే వేపపువ్వు చేదు గురించి రాశాను. ఒకే పండగను మూడు ముక్కలు చేసేవాణ్ణి: వంటలు స్త్రీల శీర్షికకు, నరకాసురుడి కథ పిల్లల పేజీకి, ఆచారాలు వారపత్రికకు. ‘ఇది నా సొంత రచన, మరే పత్రికకూ పంపలేదు’ అని హామీపత్రం జతచెయ్యాలి. తిరిగి రావడానికి చిరునామా రాసి, స్టాంపులంటించిన కవరు కూడా. సింగపూరు స్టాంపులు అక్కడ చెల్లవు గదా! ఊరు వెళ్ళినప్పుడల్లా ఇండియా స్టాంపులు కొని పెట్టెలో దాచుకునేవాణ్ణి.

తమిళం ఇక్కడ అధికారభాష. 1935లో మొదలైన ‘తమిళ మురసు’ ఇప్పటికీ వస్తోంది. తమిళ మిత్రులు పండగ వ్యాసాన్ని ఊళ్ళోనే ఇచ్చి రాగలరు. మనకు 1975లో ఏర్పడిన తెలుగు సమాజం ఉంది, పండగలు ఘనంగానే జరుగుతాయి, కానీ తెలుగు దినపత్రిక లేదు. సంఘాల సంచికలకు అభిమానంతో రాస్తాం. అక్కడ పారితోషికం అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. ‘యువ’, చందమామ కూడా కనుమరుగయ్యాయి. 2020 కరోనాలో ‘నవ్య’ వారపత్రిక అచ్చు ఆగింది. నా పెట్టెలో ఇండియా స్టాంపులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

మనియార్డరు సముద్రం దాటి రాదు కాబట్టి పారితోషికానికి ఊళ్ళో అమ్మ చిరునామా ఇచ్చేవాణ్ణి. ఒక పత్రిక వ్యాసం వేసుకుని ఒక్క పైసా పంపలేదు. మరో పత్రిక నూటయాభై పంపింది. ఆ ఆదివారం ఫోను చేస్తే అమ్మ, “ఒరే, నీ దీపావళి డబ్బులు సంక్రాంతికొచ్చాయి. పోస్టుమాన్ పండగ మామూలడిగితే పది ఇచ్చాను. మిగతాది అరిసెలకు బెల్లంలోకీ నేతిలోకీ పోయింది” అంది. కాసేపాగి, “నువ్వు రాసింది చదివానులే. అరిసెల పాకం తప్పు రాశావు” అంది.