శస్త్రచికిత్స రంగంలో జాతి, లింగ వైవిధ్యం (అమెరికా)

అమెరికా ఆపరేషన్ థియేటర్లలో చాలాకాలం శ్వేతజాతి పురుషులదే రాజ్యం. 1913లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో నల్లజాతీయుడు డేనియల్ హేల్ విలియమ్స్ ఒక్కరే. నల్లజాతి వైద్యులకు, నర్సులకు శిక్షణ దొరకాలని 1891లో షికాగోలో ప్రావిడెంట్ ఆసుపత్రిని నెలకొల్పింది ఆయనే.

ఈ వివక్ష ఎంత లోతైనదో వివియన్ థామస్ (1910–1985) జీవితం చెబుతుంది. వడ్రంగం నేర్చిన ఈ నల్లజాతి యువకుడు డాక్టరు కావాలని కూడబెట్టిన డబ్బు ఆర్థిక మాంద్యంలో పోయింది. 1930లో సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ప్రయోగశాలలో చేరి పరిశోధన చేస్తున్నా, ఉద్యోగ పత్రాల్లో ఆయన హోదా పారిశుద్ధ్య కార్మికుడే. పుట్టుకతో గుండె లోపమున్న ‘బ్లూ బేబీ’లను కాపాడే మార్గాన్ని బాలల హృద్రోగ నిపుణురాలు హెలెన్ టాసిగ్ సూచించగా, థామస్ ఆ పద్ధతిని కుక్కలపై ప్రయోగించి రూపుదిద్దారు. 1944 నవంబరు 29న జాన్స్ హాప్కిన్స్‌లో బ్లాలాక్ తొలిసారి ఆ ఆపరేషన్ చేస్తుంటే, థామస్ వెనుక నిలబడి అడుగడుగునా సలహా ఇచ్చారు. అయినా ఆపరేషన్‌కు బ్లాలాక్–టాసిగ్ పేర్లే దక్కాయి. ఇది క్షమించరాని అన్యాయం. థామస్‌కు గౌరవ డాక్టరేట్ 1976లో గానీ రాలేదు. మహిళ అయిన టాసిగ్‌కు కూడా పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి 1959లో గానీ దక్కలేదు.

1964 పౌరహక్కుల చట్టం, 1966లో మొదలైన మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిధుల షరతులు ఆసుపత్రుల్లో జాతి విభజనను కూల్చాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు 1995లో లసాల్ లెఫాల్ తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. తొలి మహిళా అధ్యక్షురాలిగా క్యాథరిన్ ఆండర్సన్ 2005లో ఎన్నికయ్యారు.