ఫరంపేట మందుల షాపు లెక్క

మందుల షాపుల తరఫున మాట్లాడే పని నా నెత్తిన పడింది సరిగ్గా జీఎస్టీ వచ్చిన ఏడాదే. యానాంలోని మా ఫరంపేట తిరకాసు 1954 నాటిది. ఫ్రెంచి పాలన పోయాక యానాం పుదుచ్చేరితోనే ఉండిపోయింది. సరుకొచ్చేది 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ నుంచి, లైసెన్సు మాత్రం పుదుచ్చేరి సర్కారుది. దాంతో పక్కూరి హోల్‌సేలరు పంపే డబ్బా కూడా మాకు పరరాష్ట్రపు సరుకే.

2017 జూలై 1న మందులకు రాష్ట్రం దాటే సరుకు మీది పాత పన్ను సీఎస్టీ, దాని సీ ఫారాల గొడవ వదిలి ఐజీఎస్టీ పట్టుకుంది. అప్పట్లో చాలా మందులకు 12 శాతం, ఇన్సులిన్‌కు 5. అట్టపెట్టెలన్నీ దించి, బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ చూసుకుంటూ పాత స్టాకు రాసుకున్నాం.

ఆ లెక్క తేలేలోపే 2018 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ మందుల అమ్మకాలకు ముసాయిదా నిబంధనలు తెచ్చింది. వాటికి వ్యతిరేకంగా మందుల వర్తకుల అఖిల భారత సంఘం సెప్టెంబరు 28న బంద్‌కు పిలుపిచ్చింది. అత్యవసరానికి ఫోను నంబరు అంటించి నేనూ షట్టరు దించాను. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. అయినా యాప్‌లు ఆగలేదు.

మా వాదన యాప్‌లిచ్చే డిస్కౌంటు గురించి కాదు. "షుగరు బిళ్లలు మానేశావా పెద్దమ్మా, ఈ నెల రాలేదే?" అని అడిగే మనిషి కౌంటరు వెనక ఉండాలన్నదే.