రెనిన్ చరిత్రమున ఉద్దానపు ప్రశ్న

రెనిన్ అనగా రక్తపుపోటును పెంచు మూత్రపిండద్రవ్యమని చెప్పుట పరిపాటి. ఆ మాట అసత్యము కాదు గాని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున ప్రబలిన కిడ్నీ జబ్బును ఎదుట నుంచుకొని చూచినచో మిక్కిలి అసంపూర్ణము.

1898లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు కుందేటి మూత్రపిండసారమున దీనిని కనుగొనిరి. 1934లో గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండధమనిని బిగించి పోటు పుట్టించిన పిదపనే లోకము దీనిని మరల తలచినది. 1940 నాటికి ఇది రక్తములోని ఒక ప్రోటీనును ఛేదించు ఎంజైమని తేలెను. 1981లో రెనిన్ మార్గమును అడ్డగించు కాప్టోప్రిల్ అను మాత్ర అమెరికాలో ఆమోదము పొందెను. ప్రతి మజిలీయు పోటు చుట్టునే తిరుగుటచే రెనిన్ శత్రువను భావము స్థిరపడినది.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడితోటల నడుమ వ్యాపించిన వ్యాధి ఈ వరుసకు లొంగదు. ఇచ్చటి రోగులలో అనేకులకు మధుమేహము లేదు. తొలిదశలో పోటు తరచు సాధారణముగనో, స్వల్పాధికముగనో యుండును. మూత్రమున పోవు ప్రోటీను అల్పము. ప్రధానముగా చెడునవి మూత్రపిండపు సూక్ష్మనాళికలును వాని చుట్టునున్న కణజాలమును. కావున పెక్కుమంది విషయమున పోటు వ్యాధికి మూలము కాక ఫలమనుటయే యుక్తము.

రెనిన్ యొక్క ఆద్యధర్మము లవణజలసంరక్షణము. ఎండలో చెమటోడ్చువాని దేహమున నీరును ఉప్పును తరుగగానే మూత్రపిండము రెనిన్‌ను స్రవించును. తజ్జనితమగు ఆంజియోటెన్సిన్ రక్తనాళములను ముడిచి, ఆల్డోస్టెరోన్ అను హార్మోను మూలమున ఉప్పును నిలుపును. ఒకనాడు ప్రాణరక్షకమైన ఈ ఏర్పాటే ఏండ్ల తరబడి దినదినము పునరావృత్తమైనచో, మూత్రపిండమునకు రక్తప్రసారము తగ్గి నాళికలు చెడవచ్చునని, మధ్య అమెరికా చెరకుతోటల కూలీలలోని ఇట్టి వ్యాధిని పరిశీలించినవారిలో కొందరు ఊహించిరి. ఒళ్ళునొప్పులకు మ్రింగు బిళ్ళలు అట్టి వేళ మూత్రపిండపు రక్తనాళములను విప్పియుంచు ద్రవ్యములను అడ్డగించి ఆపదను పెంచును.

నా మొగ్గు ఈ కారణము వైపే. అయినను ఇదియే సర్వమని చెప్పజాలను. విజయనగరం కూలీయు అట్టి ఎండలోనే శ్రమించుచుండగా వ్యాధి ఉద్దానమునే ఇంతగా ఏల పట్టినదను ప్రశ్నకు ఎండ యొక్కటే సమాధానము కానేరదు. భూగర్భజలమునందలి సిలికా, పురుగుమందులు, వంశపారంపర్యము, వీనిలో దేనినైనను కొట్టివేయుటకు తగిన ఆధారము లేదు.

2023 డిసెంబరులో పలాసయందు పరిశోధనాకేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రియు, హిరమండలం నుండి త్రాగునీటి పథకమును ప్రారంభమగుట శ్లాఘనీయము. కాని ఆసుపత్రిలోని డయాలసిస్ వ్యాధి అంత్యదశకు ఉపచారము. రెనిన్ మార్గమును అడ్డగించు మాత్రలు ప్రోటీను అధికముగా పోవు రోగులకు చేసిన మేలు ఇచ్చట అంత నిశ్చితము కాదు. పోటు సరిగా నున్నదని కూలీని నిశ్చింతగా పంపివేయు పరీక్ష ఉద్దానమున పరీక్షయే కాదు. ఏటేట మూత్రపిండపు పనితీరును తెలుపు క్రియాటినిన్‌ను రక్తమున చూచుట, వేసవిలో పనివేళలను మార్చుట, పనిచోట నీడయు మంచినీరును అమర్చుట, వైద్యుని చీటి లేనిదే నొప్పిబిళ్ళలు అమ్మకుండుట, ఇవి అధికవ్యయసాధ్యములు కావు. వీనిని భవననిర్మాణమునకు తరువాతి మాటగా ఉంచుట మన కాలపు లోపము.