రెండు రంగుల దీపములు – ఒక అంచె

మంచు కమ్మిన ఘాటుదారిలో ఎదురువచ్చు మోటారుబండిని మీరు చూచియుందురు. కొన్ని బండ్లకు పెద్ద దీపముల క్రింద మఱి రెండు దీపము లుండును. సారథి మీట నొక్కినంతనే వాని తెలుపు పసుపుగా మాఱును. ఈ మార్పును నడపునది పిడికిలిలో నిమిడిపోవు నొక చిన్న డబ్బి. దానిని రిలే యందురు, అనగా అంచె. అది మోటారుబండికంటె వయసున పెద్దది.

1835 ప్రాంతమున అమెరికాలో ప్రిన్‌స్టన్ కళాశాలాచార్యుడగు జోసెఫ్ హెన్రీ, దూరమునుండి వచ్చు బలహీనమైన విద్యుత్ప్రవాహముచే దగ్గఱనున్న బలమైన ప్రవాహమును అదుపుచేసి చూపెను. అలసిన గుఱ్ఱమును విడిచి క్రొత్త గుఱ్ఱము నెక్కు తపాలావానివలె, తంతివార్త యీ సూత్రముచే దూరదేశములకు సాగెను.

ఈ అంచెకు ప్రాణరక్షణము నేర్పినది రైలుమార్గము. విలియం రాబిన్సన్ అను యింజనీరు మొదట చేసిన యేర్పాటున, బండి వచ్చినప్పుడే ప్రవాహము కలిగి అపాయచిహ్నము కనబడుచుండెను. తీగ తెగినచో, బండి పట్టాలపై నిలిచియున్నను దారి నిరపాయమనియే చిహ్నము పలుకును. ఇంతకంటె ప్రమాదకరమగు అబద్ధ మేమి కలదు? 1872లో ఆయన పేటెంటు పొందిన విధానము దీనిని తలక్రిందు చేసెను. పట్టాలలో ప్రవాహము ఎల్లప్పుడు పాఱుచు రిలేను పట్టియుంచును. బండి చక్రములు దానిని అడ్డుదారి త్రిప్పినను, తీగ తెగినను, బ్యాటరీ చచ్చినను రిలే జాఱును; అపాయచిహ్నము నిలుచును.

మోటారుబండిలోను ఇదియే నీతి. రెండు 55 వాట్ల దీపములు 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 9 ఆంపియర్లు లాగును. చేతిమీట యంత ప్రవాహమున కోర్వలేక వేడెక్కును. రిలేలోని తీగచుట్టకు ఆంపియరులో ఆఱవ వంతు చాలును. ఐదు కాళ్ల రిలేలో 85, 86 అంకెలు చుట్టకొనలవి. ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్రవాహము 30వ కాలికి వచ్చును. చుట్ట నిద్రించువేళ అది 87ఏ కాలితో కలిసియుండును. చుట్ట మేల్కొనగనే దానిని వదలి 87తో కలియును. కావున ఒకదానికి పసుపును, రెండవదానికి తెలుపును కలిపినచో రెండును ఒక్కసారి వెలుగవు. దీపములను పూర్తిగా ఆర్పుటకు దీనికి ముందు మఱియొక రిలే కావలెను.

ఇక 87ఏకు ఏ రంగు నీయవలెను? రంగుమీట తీగ తెగిననాడు మిగులునది యా రంగే. సొగసునుబట్టి కాక, గడ్డుదారిలో తనకు నమ్మకమైన రంగునే సారథి యచ్చట నుంచవలెను. యంత్రము చక్కగా నడచునప్పుడు ఏమి చేయునో యెవరైనను అడుగుదురు. చెడినప్పుడు ఏమి చేయునని ముందుగా అడిగినవాడే తనను, ఎదురు వచ్చువానిని కాపాడినవాడు.