మోర్ధానా కట్టకు ఒక పుస్తకం ఉండాలి

చెరువు నిండి పొర్లితే మా ఇళ్ళలో ఇప్పటికీ "మొరవ పోయింది" అంటాము. చిత్తూరు వైపు మాట అది. గుడియాత్తంలో తమిళం మధ్య ఇన్ని తరాలు బతికినా పోలేదు. మోర్ధానా డ్యామ్ నిండినప్పుడూ ఇదే మాట వినిపిస్తుంది.

ఆ నీళ్ళు మన వైపు నుంచే వస్తాయి. పలమనేరు ప్రాంతపు కొండల్లో, ఏనుగులు తిరిగే కౌండిన్య అడవిలో పడిన వాన సరిహద్దు దాటి మోర్ధానా చేరుతుంది. అక్కడి నుంచి గుడియాత్తం మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు, గుడియాత్తం రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, కచేరీ చిత్తూరులో. అంటే ఈ నదికి పైభాగం, కిందిభాగం లెక్కలు ఒకే చోట ఉండేవన్నమాట.

లెక్కలంటే ఊరికే అనడం లేదు. 1876–78 కరువు తర్వాత, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. ఇంజనీర్లు ఒక్కో చెరువునూ కొలిచి, ఒక్కోదానికీ 'ట్యాంక్ మెమాయిర్' అని ఒక పుస్తకం రాశారు. ఎంత నేల మీది వాన చెరువులోకి వస్తుంది, ఆయకట్టు ఎంత, నిండుమట్టం ఎక్కడ, తూములెన్ని, మొరవ పొడవెంత, అన్నీ అందులో ఉండేవి. మా దృష్టిలో ఆ పథకం చేసిన మరమ్మతుల కన్నా ఈ పుస్తకాలే గొప్పవి. కట్ట కుంగిందా, మొరవను ఎవరైనా పూడ్చారా అనేది పాత కొలత లేకపోతే ఎవరు చెప్పగలరు? ఊళ్ళో నీరుగంటికి ఇవన్నీ నోటికొచ్చేవి, నిజమే. కానీ ఆయన పోతే ఆ లెక్కా పోయేది.

కొలవని చెరువులు ఏం చేస్తాయో పాలారు లోయకు తెలుసు. 1903 నవంబరులో మైసూరు వైపు చెరువులు తెగి, ఆ నీరు వాణియంబాడి మీద పడింది. వందలమంది పోయారు.

మోర్ధానా ఈ శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చిన కట్ట. నిల్వ సుమారు 26 కోట్ల ఘనపుటడుగులు, అంటే పావు టీఎంసీ. నిండుమట్టం 11.5 మీటర్లు. నాగార్జునసాగర్ చూసినవాళ్ళకు ఇదొక పెద్ద చెరువులా కనిపిస్తుంది. కానీ 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ఎత్తొక్కటే చూడదు. పది, పదిహేను మీటర్ల మధ్య ఎత్తున్నా, పది లక్షల ఘనమీటర్ల నీళ్ళు పడితే దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మోర్ధానాలో పట్టేది దాదాపు 74 లక్షలు. కాబట్టి వానలకు ముందోసారి, తర్వాతోసారి తనిఖీ తప్పదు.

తనిఖీ అంటే కట్ట మీద జీపులో తిరిగి రావడం కాదు. కట్ట అడుగున ఊట నీరు ఎంత వస్తోందో 'వి' ఆకారపు గంటు కోసిన పలకతో కొలుస్తారు. నిరుడు ఇదే నీటిమట్టం దగ్గర ఎంత వచ్చిందో తీసి పక్కన పెట్టి చూస్తారు. తేటగా, అంతే వస్తే భయం లేదు. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. మట్టికట్టల మీద చెట్ల వేళ్ళు, చెదపుట్టలు, రాతి పేర్పులో జారిన రాళ్ళు కూడా రాసుకోవాలి. పూడిక ఎంత చేరిందో కొలవకపోతే, నిల్వ అంకె కాగితం మీదే నిండుగా ఉంటుంది.

2021 నవంబరులో మోర్ధానా పొర్లి కౌండిన్య ఉప్పొంగినప్పుడు కట్ట నిలిచింది, గుడియాత్తంలో ఒడ్డు ఇళ్ళు మునిగాయి. అందుకే డ్యామ్ ఒక్కటి బాగుంటే చాలదని మేము అంటాము. కింద నది ఎంత వెడల్పు మిగిలింది, వంతెన కింద నీటికి దారి ఎంత ఉంది అనేవి కూడా ఆ పుస్తకంలోకే రావాలి. ఇళ్ళు తీసేయమని చెప్పేముందు ఆ మనుషులు ఎక్కడికి పోతారో కూడా రాయాలి. ఏళ్ళ తరబడి నీరు రాని నది ఒడ్డున ఇల్లు కట్టుకున్నది పేదవాళ్ళే కదా.

ఇంకొక అంకె పలమనేరు వైపు వాన. అది ఎన్ని సెంటీమీటర్లు పడిందో రాత్రికి రాత్రే సరిహద్దు ఇవతలికి తెలిస్తే, గుడియాత్తం ఒడ్డు వాళ్ళకు మూటలు సర్దుకునే టైము దొరుకుతుంది.