బొమ్మ చూసి రాసిన కథకి మార్కులు వేసేదెవరు?

నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో ఉద్యోగాలకి వెళ్ళే అమ్మాయిలకి వ్యక్తిత్వ పరీక్షలు కొత్త కాదు. నలుగురిలో చొరవగా మాట్లాడతారా, ఒంటరిగా పనిచేయడం ఇష్టమా వంటి ప్రశ్నలకి టిక్కులు పెడితే మనిషి ఎలాంటిదో తేల్చేస్తారు. మన గురించి మనకి తెలిసినదాన్ని, చెప్పుకోదలచుకున్నదాన్ని మాత్రమే ఇవి కొలుస్తాయి. మనకే తెలియని మనసుని కూడా కొలవాలన్న ప్రయత్నం ఈ నగరంలోనే అరవై ఏళ్ళ కిందట జరిగింది.

1962లో హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’ ఏర్పడింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ బృందం 1964-65లో కాకినాడ వ్యాపారస్థులని 52 మందిని బృందాలుగా ఇక్కడికి రప్పించి, పది రోజుల చొప్పున శిక్షణ ఇచ్చింది. బొమ్మ చూసి కథ రాయడం, ఆ కథలో ‘సాధించాలనే తపన’ ఎంతుందో లెక్కకట్టడం అందులో ముఖ్యభాగం. సూటిగా అడిగితే చెప్పలేని కోరిక కథలో బయటపడుతుందని వాళ్ళ నమ్మకం. శిక్షణ పొందినవాళ్ళు మిగిలినవాళ్ళకంటే ఎక్కువ పెట్టుబడి పెట్టారనీ, ఎక్కువమందికి పని ఇచ్చారనీ 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ పుస్తకం రాశారు. వాళ్ళ ఊహలోని పారిశ్రామికవేత్త మాత్రం మగవాడే.

ఈ బొమ్మల పరీక్ష చరిత్రలోనూ ఒక స్త్రీ మరుగున పడింది. 1935లో దీన్ని పరిచయం చేసిన వ్యాసం మీద మొదటి పేరు క్రిస్టియానా మోర్గన్‌ది, రెండోది హెన్రీ మర్రేది. తొలి బొమ్మల్లో కొన్ని ఆమే గీసింది. 1943లో పరీక్ష అచ్చయ్యేసరికి రచయితగా మర్రే పేరే మిగిలింది. అమెరికాలో సాధనాతపన మీద జరిగిన తొలి పరిశోధనలు ప్రధానంగా మగ విద్యార్థుల మీదే సాగాయి. ఆడవాళ్ళ కథలు సిద్ధాంతంలో ఇమడకపోతే, వాటిని పక్కన పెట్టారు.

1968లో మటీనా హార్నర్ ఆ వదిలేసిన ప్రశ్ననే పట్టుకుంది. వైద్య కళాశాలలో మొదటి స్థానం తెచ్చుకున్న ఆన్ గురించి కథ రాయమని 90 మంది అమ్మాయిలని అడిగింది. 65 శాతం మంది కథల్లో ఆన్‌కి ఒంటరితనమో, నిందో, అపజయమో ఎదురయ్యాయి. జాన్ గురించి రాసిన అబ్బాయిల్లో అలాంటి కథలు పది శాతం లోపే. స్త్రీలలో ‘విజయభయం’ ఉందని హార్నర్ తేల్చింది. 1974లో మోనహన్, కూన్, షేవర్ అబ్బాయిల చేత కూడా ఆన్ కథ రాయించారు. వాళ్ళూ ఆమెని కష్టాలపాలే చేశారు. అంటే భయం అమ్మాయి లోపల పుట్టింది కాదు, గెలిచిన ఆడదాన్ని లోకం ఏం చేస్తుందో అందరికీ తెలుసు.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇది వింతేమీ కాదు. ఏ కథా రాసినామె ఒక్కదానిదే కాదు, ఆమె విన్న మాటలూ పడ్డ మాటలూ అందులో ఉంటాయి. ఇవాళ మీటింగులో నోరు విప్పని అమ్మాయికి ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాసేవాళ్ళు, నోరు విప్పిన ఆమె సహోద్యోగినికి ‘దూకుడెక్కువ’ అని రాసిన సంగతి మరిచిపోతారు. మొదటి అమ్మాయి ఆ రెండో కాగితాన్ని కూడా చదివే ఉంటుంది. ఆమె మౌనాన్ని కొలిచే ముందు ఆ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చదవాలి.